డాబా చల్లబడ్డాక ఏసీ బిల్లు దిగింది: మా బెజవాడ ఇంటి అనుభవం

ఇంటి కరెంటు మీటర్ మీద చిన్న ఎర్ర లైటు ఒకటి వెలిగి ఆరుతూ ఉంటుంది. దాని పక్కనే ఒక అంకె అచ్చువేసి ఉంటుంది. మా మీటర్ మీద 3200 అని ఉంది. అంటే ఆ లైటు 3200 సార్లు వెలిగితే ఒక యూనిట్ కాలినట్టు. ఏసీ ఖర్చు తగ్గించే పని మా ఇంట్లో ఈ లైటు దగ్గరే మొదలైంది. అప్పటిదాకా నెలనెలా బిల్లు రావడం, ఒకరి మీద ఒకరం విసుక్కోవడం, రాత్రి కాగానే మళ్లీ రిమోట్ నొక్కడం, ఇంతే.

మాది బెజవాడ, సత్యనారాయణపురం వైపు. పై అంతస్తులో అద్దెకుంటాం. కింద ఇంటి ఓనరు మామ్మగారు ఉంటారు. మా ఇంట్లో మా వారు, అత్తయ్యగారు, ఇంటర్ చదివే మా బాబు, నేను. ఉన్నది ఒకటే ఏసీ. 1.5 టన్నులది, పాతది, అవసరాన్ని బట్టి వేగం తగ్గించుకునే ఇన్వర్టర్ రకం కాదు. వేసవి వచ్చిందంటే నలుగురం ఆ ఒక్క గదిలోనే సర్దుకుంటాం. 2024 మే నెలలో 520 యూనిట్లు కాలాయి.

ఆ బిల్లు వెనక ఉన్న లెక్క చెప్పాలి, ఎందుకంటే పొదుపు విలువ అక్కడే తెలుస్తుంది. మన ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్ల కరెంటు రేటు మెట్లు మెట్లుగా ఉంటుంది. మొదటి 30 యూనిట్లు 1.90 రూపాయల చొప్పున, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6 రూపాయలు, 400 దాకా 8.75, ఆపైన 9.75. మా 520 యూనిట్లకు కరెంటు చార్జీ ఒక్కటే 3,718 రూపాయలు. ఫిక్స్‌డ్ చార్జీ, సుంకం, సర్దుబాటు చార్జీలు దీనికి అదనం. ఇందులో మొదటి 225 యూనిట్లకు పడింది 1,017 రూపాయలే. మిగతాదంతా పై మెట్ల మీద పడింది. వేసవిలో ఆ పై మెట్లు ఎక్కించేది ఏసీయే. కాబట్టి ఏసీలో ఒక యూనిట్ తగ్గిస్తే సగటు రేటు కాదు, 9.75 రూపాయల దాకా మిగులుతుంది. ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాకే మా వారు కూడా నాతో పాటు మీటర్ దగ్గరికి వచ్చారు.

రాత్రి తొమ్మిదింటికి ఫ్రిజ్‌తో సహా అన్నీ ఆపేసి ఏసీ ఒక్కటే వేశాం. బాబు ఫోన్‌లో నిమిషం పెట్టుకుని లైటు లెక్కపెట్టాడు. 88 సార్లు. 88ని 60తో హెచ్చించి 3200తో భాగిస్తే గంటకు 1.65 యూనిట్లు. ఏసీ ఆపి పాత సీలింగ్ ఫ్యాన్ ఒక్కటే వేస్తే నిమిషానికి నాలుగుసార్లు వెలిగింది, అంటే 75 వాట్లు. దీనికి పెద్ద పరికరాలేవీ అక్కర్లేదు, ఫోన్‌లో గడియారం చాలు. మీ మీటర్ మీద 1600 అనో ఇంకేదో ఉండొచ్చు, దాన్ని బట్టి భాగించుకోవాలి.

ఇన్వర్టర్ కాని ఏసీలో కంప్రెసర్ నడిస్తే పూర్తిగా నడుస్తుంది, లేకపోతే ఆగిపోతుంది. మధ్యస్థంగా నడవడం దానికి రాదు. గది చల్లబడితే టక్కుమని ఆగి, మళ్లీ వేడెక్కితే మొదలవుతుంది. మరి మా ఏసీ ఎంతసేపటికి ఆగుతోంది? పడుకునే ముందు చెవి అటే వేసి ఉంచితే, రాత్రి ఒంటిగంట దాటేదాకా కంప్రెసర్ ఆగిన చప్పుడే లేదు. బయట గాలి పదకొండింటికే కాస్త తెరిపిన పడింది. తలుపులు, కిటికీలు బిగించే ఉన్నాయి. అయినా గది చల్లబడటం లేదంటే వేడి ఇంకెక్కడి నుంచో దిగుతోంది.

స్టూలు ఎక్కి సీలింగ్ మీద అరచెయ్యి పెట్టాను. వేడిగా ఉన్న పెనం పక్కన పెట్టినట్టు తగిలింది. తర్వాత మా వారు ఆఫీసులో పనిచేసే వాళ్ల దగ్గర నుంచి దూరం నుంచి ఉష్ణోగ్రత కొలిచే గన్ను ఒకటి అడిగి తెచ్చారు. పగలు 43 డిగ్రీలున్న రోజు రాత్రి తొమ్మిదింటికి గోడ 35 చూపించింది, సీలింగ్ 41 చూపించింది. మనం నడిచే నేల 33.

కాంక్రీట్ స్లాబు పొద్దుటి నుంచి ఎండను మింగుతుంది. మందంగా ఉంటుంది కాబట్టి ఆ వేడి వెంటనే లోపలికి రాదు, గంటల తరబడి పడుతుంది. ఎండ తగ్గాక, మనం గదిలోకి చేరే వేళకి, సరిగ్గా ఆ టైముకి వేడి కింది వైపుకి దిగుతుంది. అర్ధరాత్రి దాకా దిగుతూనే ఉంటుంది. పై అంతస్తులో ఉన్నవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు, ఫ్యాన్ వేస్తే వేడి గాలి కొట్టడం అందరం ఎరిగిందే. పైన అంత వేడి దిగుతుంటే, కింద ఎంత ఖరీదైన ఏసీ పెట్టినా అది ఆ వేడిని బయటికి మోసే కూలిపనే చేస్తుంది. అందుకే కొత్త ఏసీ ఆలోచన పక్కన పెట్టి, ముందు డాబా సంగతి చూద్దాం అనుకున్నాం.

డాబా మనది కాదు. మామ్మగారిని ఒప్పించాలి.

"డాబాకి తెల్ల రంగేంటమ్మా, అదేమన్నా గోడా?" అన్నారు ముందు. తర్వాత అసలు దిగులు బయటపెట్టారు. "మరి నా వడియాలు? మిరపకాయలు ఎండబెట్టుకోవద్దూ? ఆ రంగు అంటుకుంటే ఎవరు తింటారు?"

"ఆరాక అంటుకోదండీ మామ్మగారూ. మీరు ఎలాగూ పాత చీర పరిచే పెడతారు కదా. కావాలంటే మెట్ల పక్క మూల వదిలేయిస్తాను" అన్నాను.

ఆవిడ కాసేపు ఆలోచించి, చిన్నప్పటి సంగతులు ఎత్తుకున్నారు. వాళ్ల ఊళ్లో తాటాకిల్లట. ఎండాకాలం వసారాకి వట్టివేళ్ల తడికలు కట్టి మధ్యాహ్నం నీళ్లు చల్లేవారట. "ఆ వాసనకే సగం వేడి తగ్గేదమ్మా. ఈ స్లాబులొచ్చాక కొలిమిలో ఉన్నట్టుంది" అన్నారు. చివరికి సరేనన్నారు. ఖర్చు చెరిసగం, ముందు మేం పెడితే ఆవిడ సగం రెండు నెలల అద్దెలో తగ్గించుకోవడానికి ఒప్పుకున్నారు. ఆవిడ పెద్ద మనసుకి నేనెప్పటికీ రుణపడి ఉంటాను, ఎందుకంటే అద్దె ఇంటి డాబా మీద డబ్బు పెట్టడానికి చాలామంది ఓనర్లు ససేమిరా అంటారు.

ఇక రంగు. సున్నం వేయడం మనకు పాత అలవాటే. చవక, వేసిన వేసవికి బాగా పనిచేస్తుంది. కానీ వానాకాలం రాగానే కొట్టుకుపోతుంది, మళ్లీ ఏడాది వేయాలి. ఇప్పుడు ఎండను తిప్పికొట్టే తెల్ల రంగులు డాబాల కోసమే ప్రత్యేకంగా అమ్ముతున్నారు. కొత్తగా వేసినప్పుడు ఎండలో నాలుగింట మూడు వంతులకు పైగా వెనక్కి పంపేస్తాయి. కొనేటప్పుడు బకెట్ మీద ఎస్‌ఆర్‌ఐ అనే అంకె చూడాలి, ఆ రంగు వేస్తే డాబా ఎండలో ఎంత చల్లగా ఉంటుందో అది చెబుతుంది. ఆ అంకె వందకు దగ్గరగానో, అంతకు మించో ఉంటే మంచిది. గోడలకేసే మామూలు తెల్ల రంగు డాబా మీద నిలవదు, ఎండకి పొరలు లేచిపోతుంది.

2025 మార్చిలో పని పెట్టించాం. ఉగాదికి ముందే అయిపోవాలని నా తొందర. రంగు వేయడం కంటే దానికి ముందు పని పెద్దది. నాచు ఎండిపోయి నల్లగా పట్టుకుని ఉంది. మేస్త్రి, ఆయన కుర్రాడు ఇనుప బ్రష్షుతో గీకి, నీళ్లు కొట్టి, రెండు రోజులు ఆరనిచ్చారు. వెంట్రుకవాసి బీటలు అప్పుడే కనపడ్డాయి. వాటిని నింపకుండా రంగు వేస్తే వానకి నీళ్లు లోపలికి దిగి రంగు ఉబ్బిపోతుందని మేస్త్రి చెప్పాడు. ఆ మాట నిజం. బీటలు నింపి, ప్రైమర్ కొట్టి, ఆపైన రెండు కోటింగులు. మధ్యాహ్నం ఎండలో బ్రష్షు పెట్టనివ్వలేదు. వేడి స్లాబు మీద రంగు పట్టకముందే ఆరిపోయి తర్వాత పెచ్చులూడుతుందట. పొద్దున్నే ఆరింటికి మొదలుపెట్టి తొమ్మిదింటికి ఆపేవారు, మళ్లీ సాయంత్రం. సుమారు 900 చదరపు అడుగుల డాబాకి రంగు, కూలి అన్నీ కలిపి 14 వేల దాకా అయింది.

ఏప్రిల్ చివర్లో ఒక మధ్యాహ్నం బట్టలు తీయడానికి డాబా ఎక్కి, చెప్పులు లేకుండా నడిచాను. రెండింటి ఎండ. అంతకు ముందు ఏడాది ఆ టైముకి చెప్పు జారితే కాలు బొబ్బలెక్కేది. ఇప్పుడు గోరువెచ్చగా ఉంది, అంతే. కళ్లు మాత్రం తట్టుకోలేవు, ఆ తెలుపు మీద పడిన వెలుతురికి రెప్పలు మూసుకుపోతాయి. మళ్లీ గన్ను తెప్పించి, 42 డిగ్రీలు దాటిన రోజు చూసుకుని రాత్రి తొమ్మిదింటికి సీలింగ్ కొలిచాం. 35. గోడతో సమానం! ఆ అంకె చూసి అత్తయ్యగారు కూడా కళ్లజోడు సవరించుకుని మరోసారి చదివారు.

తర్వాత పడమటి కిటికీ. అందరం లోపల దళసరి కర్టెన్లు వేస్తాం, మేమూ వేశాం. కానీ ఎండ అద్దం దాటి లోపలికి వచ్చాక కర్టెన్ దాన్ని ఆపేది కొంతే. కర్టెన్ వేడెక్కి ఆ వేడిని గదిలోకే వదులుతుంది. ఎండను కిటికీ బయటే ఆపాలి. వన్‌టౌన్‌లో వెదురు తడిక కొనుక్కొచ్చి సన్‌షేడ్ కింద బయటివైపు వేలాడదీశాం. మధ్యాహ్నం రెండు నుంచి దించి, సాయంత్రం చుట్టేస్తాం. గాలి వస్తుంది, ఎండ రాదు.

మామ్మగారి మాట విని వట్టివేళ్ల తడిక కూడా కట్టి నీళ్లు చల్లి చూశాం. కొన్ని రోజులు అద్భుతంగా ఉంది, కొన్ని రోజులు దాని వల్ల ఉక్క పెరిగింది. కారణం గాలిలోని తేమ. పడమటి నుంచి పొడి వడగాలి కొట్టే రోజున నీరు ఆవిరై గాలిని చల్లబరుస్తుంది. సముద్రం వైపు నుంచి తేమగాలి తిరిగిన రోజున నీరు ఆవిరి కాదు, ఒళ్లంతా జిడ్డు మిగులుతుంది. కూలర్ కథ కూడా ఇదే. కర్నూలు, అనంతపురం, రామగుండం లాంటి పొడి ఎండల చోట కూలర్ బాగా పనికొస్తుంది. మన కోస్తాలో ఉక్కపోత రోజున దాన్ని నమ్ముకోలేం. ఏసీ చల్లబరచడంతో పాటు గాలిలోని తేమను నీళ్లుగా మార్చి పైపు ద్వారా బయటికి పంపిస్తుంది, ఆ పనికీ కరెంటు కాలుతుంది. అందుకే ఏసీ గదిలో తడి బట్టలు ఆరేయడం మానేశాం. వంట ఆవిరి అటు రాకుండా వంటింటి తలుపు మూసి ఎగ్జాస్ట్ వేస్తున్నాం.

సర్వీసింగ్ గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. వేసవికి ముందు వచ్చిన మెకానిక్ ఏసీ మూత కూడా తీయకుండానే "గ్యాస్ తగ్గిందమ్మా, ఎక్కించాలి, మూడు వేలవుద్ది" అన్నాడు. ఏసీ గ్యాస్ పెట్రోలులాగా వాడితే అయిపోయేది కాదు. రాగి గొట్టాల్లో మూసి ఉన్న గ్యాస్, అదే తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు వెతికి అతకకుండా గ్యాస్ ఎక్కిస్తే మళ్లీ ఏడాది అదే పాట. ప్రెషర్ గేజ్ పెట్టి చూపించమని అడిగాం. సాకులు చెప్పి వెళ్లిపోయాడు. రెండో అతను వచ్చి బయటి యూనిట్ రేకులు తెరిచి చూపించాడు. సన్నటి రెక్కల మధ్య దుమ్ము, ఎండుటాకులు, పావురాల ఈకలు అట్టకట్టి ఉన్నాయి. నీళ్లు కొట్టి కడిగాడు. గేజ్ పెడితే గ్యాస్ సరిగానే ఉంది. లోపలి వేడిని బయటికి వదలాల్సింది ఆ రెక్కలే, వాటికి గాలి ఆడకపోతే కంప్రెసర్ ఎంత నడిచినా ప్రయోజనం ఉండదు. బయటి యూనిట్‌ని ఆనించి పెట్టిన పాత సైకిలు, అట్టపెట్టెలు కూడా తీయించేశాం. లోపలి ఫిల్టర్ మాత్రం మనమే తీసి కుళాయి కింద కడుక్కోవచ్చు. వేసవిలో రెండు వారాలకోసారి కడగడం బాబు పని.

రిమోట్ దగ్గర మా ఇంట్లో పెద్ద చర్చే నడిచింది. మా వారికి 18 పెట్టడం అలవాటు, త్వరగా చల్లబడుతుందని. మా ఏసీ లాంటి వాటిలో 18 పెట్టినా 26 పెట్టినా కంప్రెసర్ నడిచే వేగం ఒకటే. తేడా ఎప్పుడు ఆగుతుందన్నదే. 18 పెడితే ఆ గది ఎప్పటికీ 18కి చేరదు, కంప్రెసర్ తెల్లారేదాకా ఆగదు. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని కరెంటు పొదుపు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతుంది. 2020 జనవరి నుంచి మన దేశంలో తయారయ్యే గది ఏసీలు ఆన్ చేయగానే 24లో మొదలవ్వాలని నిబంధన పెట్టింది కూడా అందుకే. మేం 27 పెట్టి, ఫ్యాన్ వేస్తున్నాం. గాలి ఒంటికి తగిలితే రెండు మూడు డిగ్రీలు తక్కువ ఉన్నట్టే అనిపిస్తుంది. పాత ఫ్యాన్ తీసేసి తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ మోటారు ఫ్యాన్ పెట్టాం. మీటర్ లైటు నిమిషానికి రెండుసార్లు కూడా వెలగలేదు, అంటే 30 వాట్ల చుట్టూ. అత్తయ్యగారికి 20లో పడుకుంటే మోకాళ్లు పట్టేసేవి, 27లో ఆ బాధ లేదు. ఆవిడ నా పక్షాన చేరాక రిమోట్ గొడవ ముగిసింది. నిజం చెప్పాలంటే సీలింగ్ 41లో ఉన్నప్పుడు 27 ఎవరికీ చాలదు. పైనుంచి వేడి కొడుతుంటే గాలి చల్లగా ఉన్నా తల మీద సెగ తగులుతూనే ఉంటుంది. డాబా చల్లబడ్డాకే 27 సుఖంగా అనిపించింది. ఈ వరస ముఖ్యం.

ఫలితం సంగతి. 2025 మే బిల్లు 380 యూనిట్లు, చార్జీ 2,373 రూపాయలు. కిందటేడు మీద 1,345 తక్కువ. కానీ ఈ రెండు మే నెలలు పోల్చి సంబరపడకూడదు. 2025లో నైరుతి మే 24కే కేరళ తాకింది, నెలాఖరుకి మనకీ చల్లబడింది. రోహిణి ఎండలు రోళ్లు పగలగొట్టకుండానే వానలొచ్చాయి. అందుకే నేను రాత్రి లెక్కనే నమ్ముతాను. పగలు 42 దాటిన రోజుల్లో పడుకునే ముందు, లేచాక మీటర్ రీడింగ్ రాసుకున్నాం. ముందు ఏడాది అలాంటి రాత్రికి ఏసీ ఒక్కటే 11 యూనిట్ల దాకా తాగేది. ఇప్పుడు 6కి అటూ ఇటూ. కంప్రెసర్ పదిన్నరకే మొదటిసారి ఆగుతోంది. తెల్లవారుజామున నాలుగింటికి టైమర్‌తో ఏసీ ఆగిపోయినా, ఆరింటి దాకా ఎవరికీ మెలకువ రావడం లేదు.

ఇక కొత్త ఏసీ. కొంటాం, ఇది మొరాయించాక. ఏసీ మీద అంటించే స్టార్ లేబుల్లో ఏడాదికి ఇన్ని యూనిట్లు అని ఉంటుంది. అది 1600 గంటలు వాడితే అయ్యే లెక్క. 2025 లేబుళ్లలో 1.5 టన్నుల ఇన్వర్టర్‌కి 5 స్టార్ అయితే 750కి అటూ ఇటూ, 3 స్టార్ అయితే వెయ్యికి దగ్గర ఉండేది. ఎన్ని గంటలు వాడతారో వేసుకుని, తేడా యూనిట్లను పై మెట్టు రేటుతో హెచ్చిస్తే ఎక్కువ పెట్టిన ధర ఎన్నేళ్లకు తిరిగొస్తుందో తెలుస్తుంది. రోజంతా ఏసీలో ఉండేవాళ్లకు 5 స్టార్ త్వరగా గిట్టుతుంది. మాకు డాబా వల్ల ఇంకో లాభం కలిగింది. 10 బై 12 గదికి ఇప్పుడు ఒక టన్ను చాలు. డాబా బాగు చేయకుండా కొని ఉంటే మళ్లీ 1.5 టన్నులదే కొనేవాళ్లం.

తెలంగాణ ప్రభుత్వం 2023లో ఇళ్ల పైకప్పులు చల్లగా ఉంచేలా కూల్ రూఫ్ విధానం తెచ్చింది, 2028 దాకా అమల్లో ఉండేలా. మన దగ్గరా అలాంటిది గట్టిగా అమలైతే బాగుండు. ముఖ్యంగా రేకుల షెడ్లలో, పై అంతస్తు చిన్న వాటాల్లో ఉండేవాళ్లకు. వాళ్లలో చాలామందికి ఏసీయే ఉండదు, తెల్ల డాబా ఒక్కటే దిక్కు. మా వీధి చివర రేకుల ఇంట్లో కుట్టుపని చేసుకునే ఆవిడ మా డాబా చూసి, మిగిలిన రంగు అడిగి తీసుకెళ్లి పైన వేయించుకుంది. మధ్యాహ్నం పూట ఇప్పుడు మిషన్ ముందు కూర్చోగలుగుతున్నానని చెప్పింది.

రంగు దుమ్ముకి మాసిపోతుంది. మాసిన కొద్దీ ఎండను మింగడం మొదలుపెడుతుంది. ఈ ఫిబ్రవరిలో సబ్బు నీళ్లతో డాబా అంతా రుద్ది కడిగాం, మళ్లీ తెల్లబడింది. మెట్ల పక్కన మామ్మగారి కోసం వదిలిన మూలకి ఆవిడే ఈసారి రంగు వేయించమన్నారు. వాళ్లబ్బాయి సోలార్ పెట్టిస్తానంటున్నాడట. కేంద్రం వారి పీఎం సూర్య ఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు 78 వేలు సబ్సిడీ వస్తుంది, పలకల నీడ కూడా డాబాకే కలిసొస్తుంది. వడియాలకు చోటు మిగిల్చేలా పలకలు ఎక్కడ బిగించాలన్నదే ప్రస్తుతం కింద వాటాలో తేలాల్సి ఉంది.